విత్తనం వేసేముందు ఇంట్లోవాళ్లను చూడండి

సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పెట్టిన బంతిపూలు వాడిపోయే రోజులకు పెరట్లో బంతిమొక్కలు కూడా అలసిపోతాయి. వర్షాకాలం చివర నాటిన మొక్కలు కదా, వాటి పని అయిపోయింది. మాఘం, ఫాల్గుణం గడిచి ఉగాది వచ్చేసరికి ముంగిట్లో మళ్లీ నాలుగు రంగులు కనిపించాలంటే, పండగ వెళ్లిన పదిహేను రోజుల్లోనే విత్తనాలు వేసుకోవాలి. అందుకే గృహిణులు ఈ రోజుల్లో విత్తనాల దుకాణాల్లో రంగురంగుల ప్యాకెట్లు తిరగేస్తూ కనిపిస్తారు.

'ఆరోగ్యం పేజీలో పూలమొక్కల సంగతేమిటి?' అని మీరు అడగవచ్చు. కారణం వుంది. మందుల సీసాలు పిల్లలకు అందకుండా అలమారు పై అరలో పెడతాం. అగ్గిపెట్టె దాస్తాం. కత్తిపీట గోడవారగా తిప్పి పెడతాం. పెరట్లోకి వచ్చేసరికి మాత్రం ఆ జాగ్రత్త మరిచిపోతాం. పువ్వు అందంగా వుందా, పూజకు పనికొస్తుందా అని చూస్తామే తప్ప, ఈ మొక్క పక్కన రెండేళ్ల పిల్లాడు ఆడుకోవచ్చునా, ఉబ్బసంతో బాధపడే అత్తగారు కూర్చోవచ్చునా అని ఆలోచించం.

ఆలోచించవలసిన సమయం ఇదే. విత్తనం చేతిలో వున్నప్పుడు మనసు మార్చుకోవడం చాలా సులువు. అది మొక్కై, చెట్టై, రోజూ పూజకు పూలిస్తూ వుంటే దాన్ని కొట్టడానికి ఎవరికీ చేతులు రావు.

పూలతోట వల్ల మేలు

ముందు మంచి సంగతులు చెప్పుకుందాం. ఆరోగ్యవంతులైన పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మట్టి తవ్వడం, కలుపు తీయడం, నీళ్లు మోసి పోయడం ఈ లెక్కలోకి వస్తాయి. రోజుకు అరగంట చొప్పున వారానికి అయిదు రోజులు తోటపని చేస్తే మీ లెక్క సరిపోయినట్లే. 'నడకకు వెళ్లండి' అంటే బద్ధకించేవారు కూడా మొలక వచ్చిందో లేదో చూడటానికి తెల్లవారగానే లేచి వెళతారు.

మనసుకు కలిగే మేలు కూడా తక్కువేమీ కాదు. నెదర్లాండ్స్‌లో జరిగి 2011లో ప్రచురితమైన ఒక చిన్న పరిశోధనలో, మనసుకు ఒత్తిడి కలిగించే పని ఒకటి చేయించిన తరువాత కొందరిని అరగంట తోటపనికి పంపారు, మరికొందరిని గదిలో కూర్చుని చదువుకోమన్నారు. ఒత్తిడిలో రక్తంలోనూ లాలాజలంలోనూ పెరిగే కార్టిసాల్ అనే హార్మోను ఇద్దరిలోనూ తగ్గింది. తోటపని చేసినవారిలో ఎక్కువగా తగ్గింది. ఉద్యోగ విరమణ చేసి పొద్దు గడవక చిరాకు పడే పెద్దవారికి ఒక నారుమడి అప్పగించి చూడండి. 'రేపు చూడవలసింది ఒకటుంది' అన్న ఆశే వారికి సగం మందు.

తోట ముందుగా కాగితం మీద

ఒక తెల్లకాగితం తీసుకోండి. ఎడమవైపు ఇంట్లోవాళ్ల పేర్లన్నీ రాయండి. రోజూ వచ్చే పనిమనిషి పిల్లలను, సెలవులకు వచ్చే మనవలను కూడా మరవకండి. ఒక్కొక్కరి ఎదురుగా వయసు, వున్న జబ్బు రాయండి. నోట్లో ఏది పడితే అది పెట్టుకునే పిల్లలున్నారా? ఉబ్బసం, చర్మం దురద వున్నవారున్నారా? చక్కెర వ్యాధి వున్నవారు, మోకాళ్ల నొప్పులవారు, గర్భిణులు వున్నారా?

కుడివైపు మీ స్థలం గీయండి. ఎక్కడ ఎండ ఎన్ని గంటలు పడుతుందో ఒకరోజు గమనించి గుర్తు పెట్టండి. విత్తనంతో పెంచే పూలమొక్కల్లో ఎక్కువ వాటికి రోజూ అయిదారు గంటల ఎండ కావాలి. నీళ్ల కుళాయి ఎంత దూరమో, పడకగది కిటికీ ఎటువైపో, పిల్లలు ఎక్కడ ఆడతారో కూడా గీయండి. పెరడు లేని అపార్టుమెంటువారికి బాల్కనీయే తోట. వారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. పిట్టగోడ మీద కుండీలు పెట్టకూడదు. గాలివానకు కింద వెళ్లేవాళ్ల మీద పడతాయి. పిట్టగోడ వారగా నేల మీద కూడా పెద్ద కుండీలు పెట్టకండి. మూడేళ్ల పిల్లాడికి అది చక్కటి మెట్టు. దానిమీద ఎక్కి కిందికి తొంగిచూస్తాడు.

ఈ రెండు వైపులా కలిపి చూస్తే ఏ విత్తనాలు కొనాలో, ఏవి కొనకూడదో దానంతట అదే తేలుతుంది.

చిన్నపిల్లలున్న ఇల్లు

మన పెరళ్లలో అన్నిటికంటె ప్రమాదమైన పూలచెట్టు పచ్చగన్నేరు. దాని కాయలో వుండే గింజ గుండె మీద దెబ్బతీసే విషం. గింజలోనే ఎక్కువ వున్నా, ఆకు, పువ్వు, పాలు అన్నిటిలోనూ వుంటుంది. తిన్నవారికి నోట్లో మంట, వాంతులు, కళ్లు తిరగడం మొదలవుతాయి. తరువాత నాడి నెమ్మదిస్తుంది, గుండె లయ తప్పుతుంది. కొందరు మొదట బాగానే వున్నట్లు కనిపించి గంటల తరువాత ప్రమాదంలో పడతారు. ఎర్ర గన్నేరు, తెల్ల గన్నేరు కూడా ఇదే జాతి విషం. 'ఎండిపోయింది కదా' అని గన్నేరు పుల్లలు పొయ్యిలో పెట్టకూడదు. ఎండినా విషం పోదు.

కంచె మీద ఎర్రగా మెరిసే గురివింద గింజలు, ఆముదపు గింజలు రెండోరకం ప్రమాదం. పైపొట్టు గట్టిగా వుండటం వల్ల నమలకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి వచ్చేస్తాయి. నమిలినా, పూసలదండ కోసం సూదితో గుచ్చిన గింజ మింగినా విషం లోపలికి చేరుతుంది. ఉమ్మెత్త కాయ తిన్న పిల్లలకు నోరు ఎండిపోతుంది, ఒళ్లు ఎర్రబడి కాలిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి. లేనివి కనిపిస్తున్నాయని కలవరిస్తారు. తీగమీద నిప్పులాంటి పూలు పూసే అడవినాభి దుంప కూడా ప్రాణాంతకమే.

విత్తనంతో సులువుగా పెరిగే చంద్రకాంత అంత ప్రమాదకరం కాకపోయినా, దాని గింజలు అచ్చం మిరియాల్లా వుంటాయి. తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. వాటిని వంటింట్లో ఏ డబ్బాలోనూ దాచకండి.

నడక నేర్చిన పిల్లల నుంచి అయిదేళ్ల పిల్లల వరకు ఎవరైనా ఇంట్లో వుంటే పైన చెప్పినవేవీ నాటవద్దు. వున్న పచ్చగన్నేరును తీసివేయించండి. పూజకు ఏం చేయాలంటారా? మందార, బంతి, మల్లె వున్నాయి. విత్తనంతో పెంచేవాటిలో బంతి, జినియా, కాస్మాస్, పొద్దుతిరుగుడు, బొగడబంతి, సీతమ్మవారి జడ అనే కోడిజుత్తు పువ్వు, ఇవన్నీ పిల్లాడు ఒక రేకు నమిలినా ప్రాణభయం లేనివి. అలాగని తినమని కాదు. చెట్టు మీది ఏ కాయా, ఏ గింజా పెద్దవాళ్లను అడగకుండా నోట్లో పెట్టుకోకూడదని మాటలు వచ్చినప్పటి నుంచే నేర్పండి.

పొరపాటున పిల్లలు తినేస్తే ఏం చేయాలి? నోట్లో మిగిలినది వేలితో తీసివేయండి. నీళ్లతో పుక్కిలించనివ్వండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. గొంతులో వేళ్లు పెట్టవద్దు. చింతపండు పులుసు, మజ్జిగ అని చిట్కాలతో పొద్దు గడపవద్దు. 108కి ఫోన్ చేసి, తిన్న కాయో గింజో ఆకో ఒకటి కాగితంలో చుట్టి ఆసుపత్రికి వెంట తీసుకువెళ్లండి. ఎప్పుడు తిన్నదీ, ఎన్ని తిన్నదీ డాక్టరుకు చెప్పండి. పిల్లాడు బాగానే ఆడుకుంటున్నా సరే, వెళ్లి తీరాలి.

ఉబ్బసం, చర్మం దురద

ఉబ్బసం వున్నవారు పూలమొక్కలన్నిటినీ చూసి భయపడనక్కరలేదు. రంగులతో తేనెటీగలను పిలిచే పూల పుప్పొడి సాధారణంగా బరువుగా, జిగటగా వుంటుంది. గాలిలో ఎక్కువ దూరం పోదు. తుమ్ములు, ఆయాసం తెప్పించేది ఎక్కువగా గాలికి ఎగిరే గడ్డి, కొన్ని చెట్ల పుప్పొడి. కనుక గడ్డి పూతకు రాకముందే కోయించడం, పూలమొక్కలు తీసివేయడం కంటె ముఖ్యం.

అయితే రెండు జాగ్రత్తలు. మొదటిది, రాత్రిరాణి లాంటి ఘాటైన వాసన మొక్కలు పడకగది కిటికీ కింద వద్దు. ఆ వాసనకే కొందరికి తలనొప్పి, ఆయాసం వస్తాయి. రెండోది, ఎండు ఎరువు, ఆకుల పొడి కలిపేటప్పుడు లేచే దుమ్ములో బూజు బీజాలు వుంటాయి. ముందుగా నీళ్లు చిలకరించి తడిపి కలపాలి. ఉబ్బసం వున్నవారు ఆ పని మరొకరికి అప్పగించడం మేలు.

చర్మం సంగతి వేరు. ఖాళీ స్థలాల్లో తెల్లటి చిన్న పూలతో విరగబూసే వయ్యారిభామ 1955 ప్రాంతంలో పూనాలో మొదట కనిపించి, దేశమంతా అల్లుకుపోయింది. దానివల్ల కొందరికి మొహం, మెడ, మోచేతుల మీద చర్మం నల్లబడి, మందమై, విపరీతంగా దురద పుడుతుంది. ఇలాంటివారిలో చాలామందికి అదే కుటుంబానికి చెందిన చేమంతి కూడా పడదు. పొద్దుతిరుగుడు, బంతి కూడా కొందరికి పడవు. ఆ బాధ వున్నవారు ఈ విత్తనాలు వదిలి బొగడబంతి, సీతమ్మవారి జడ, శంఖుపువ్వు వంటి వేరే కుటుంబాల పూలు ఎంచుకోవాలి. వయ్యారిభామను పీకేటప్పుడు చేతులకు తొడుగులు వుండాలి. పూత రాకముందే పీకాలి.

పెద్దవారు, చక్కెర వ్యాధి వున్నవారు

మోకాళ్ల నొప్పులు, నడుంనొప్పి వున్నవారికి నేల మీద మడులు వద్దు. నడుమెత్తున బల్ల వేసి కుండీలు దానిమీద పెట్టండి. నిలబడో, కుర్చీలో కూర్చునో పని చేసుకోవచ్చు. ఒక పనిమీద పావుగంట కంటె వంగి వుండకండి. కుండీ ఎత్తేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్లు వంచి, కుండీని పొట్టకు ఆనించి లేవాలి. రక్తపోటు మందులు వాడేవారు కూర్చున్నచోటు నుంచి చటుక్కున లేవకూడదు. కళ్లు తిరిగి పడే ప్రమాదం వుంది.

చక్కెర వ్యాధి వున్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. వీరు వట్టికాళ్లతో తోటలోకి అడుగు పెట్టకూడదు. వేళ్లు కప్పే చెప్పులు వేసుకోవాలి. పని అయ్యాక కాళ్లు కడిగి, తుడిచి, వేళ్ల సందుల్లో, అరికాళ్లలో చూసుకోవాలి. మట్టిలో, మురికి నీటిలో వుండే ఒక సూక్ష్మజీవి వల్ల మెలియాయిడోసిస్ అనే జ్వరం వస్తుంది. ఇది ముఖ్యంగా వర్షాకాలంలో, అందులోనూ చక్కెర వ్యాధి వున్నవారికి ఎక్కువగా వస్తుంది. పుండు వుంటే మానేదాకా మట్టి ముట్టవద్దు.

చెప్పుల మాట అందరికీ వర్తిస్తుంది. మలంతో కలుషితమైన మట్టిలో కొంకిపురుగుల పిల్లలు అరికాలి చర్మం గుండానే ఒంట్లోకి చేరి, పేగుల్లో రక్తం తాగి, రక్తహీనత తెస్తాయి.

ధనుర్వాతం క్రిములు మట్టిలో, పేడలో ఏళ్ల తరబడి బతుకుతాయి. తోటపని మొదలుపెట్టేముందు ఇంట్లో ఎవరు ఎప్పుడు టీకా వేయించుకున్నారో చూసుకోండి. పదేళ్లు దాటినా, అసలు గుర్తులేకపోయినా డాక్టరును అడిగి ఒకటి వేయించుకోండి. ఇప్పుడు పాత టీటీ స్థానంలో కంఠసర్పి నుంచి కూడా రక్షణ ఇచ్చే టీడీ టీకా వాడుతున్నారు. మట్టిలో గాయం తగిలితే సబ్బునీళ్లతో బాగా కడిగి, అదేరోజు డాక్టరుకు చూపించండి. గాయం మీద పసుపు, కాఫీపొడి, పేడ అద్దడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఇక విత్తనాల సంగతి

ఇప్పుడు కాగితం సిద్ధమైంది. సంక్రాంతి వెళ్లిన పదిహేను రోజుల్లో వేయదగినవి బంతి, జినియా, కాస్మాస్, పొద్దుతిరుగుడు, బొగడబంతి, సీతమ్మవారి జడ, పొద్దున విచ్చుకుని సాయంత్రం ముడుచుకునే నాచుపూలు. ఇవన్నీ మన ఎండకు తట్టుకుంటాయి. పెటూనియా, పాన్సీ, ఫ్లాక్స్ వంటి చలికాలపు పూలను ఇప్పుడు వేస్తే పూతకు వచ్చేసరికి ఎండలకు మాడిపోతాయి. వాటిని సెప్టెంబరు, అక్టోబరు నెలలకు వదిలేయండి.

ప్యాకెట్టు మీద తేదీ చూసి కొనండి. పాత విత్తనమైతే పది గింజలు తడిగుడ్డలో చుట్టి వారం రోజులు వుంచండి. అయిదుకు తక్కువ మొలిస్తే ఆ విత్తనంతో శ్రమపడటం దండగ. సంక్రాంతి బంతిపూలను ఎండబెట్టి గింజలు తీసుకోవచ్చు. సంకరజాతి పూలైతే మాత్రం పిల్లమొక్కలు తల్లిలా పూయకపోవచ్చు.

కొన్ని విత్తనాలు గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగు పూసుకుని వుంటాయి. అది అందానికి పూసినది కాదు, బూజు పట్టకుండా కలిపిన మందు. పిల్లల చేత వీటిని వేయించకండి. మీరు వేసినా తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మిగిలిన గింజలను కోళ్లకు, పిచ్చుకలకు చల్లవద్దు.

మట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలపండి. అడుగున చిల్లులున్న పాత డబ్బా, ట్రే, మట్టిమూకుడు ఏదైనా నారుకు చాలు. గింజ మందానికి రెండింతల లోతున వేసి మట్టి పలుచగా కప్పండి. నాచుపూల గింజలు ఇసుకలా వుంటాయి. వాటికి వెలుతురు కావాలి కనుక పైన మట్టి కప్పకుండా చల్లి, అరచేత్తో మెల్లగా అదిమితే చాలు. చెంబుతో ధార పోస్తే గింజలు కొట్టుకుపోతాయి. చేత్తో చిలకరించండి.

బంతి, జినియా నాలుగు నుంచి ఏడు రోజుల్లో మొలుస్తాయి. కాస్మాస్‌కు అయిదు నుంచి పది రోజులు, బొగడబంతికి పది నుంచి పద్నాలుగు రోజులు పట్టవచ్చు. మొలకలు కాడదగ్గర సన్నబడి ఒరిగిపోతున్నాయంటే నీళ్లు ఎక్కువయ్యాయి, మొలకలు కిక్కిరిసిపోయాయి అని అర్థం. నీళ్లు తగ్గించి, గాలి తగలనిచ్చి, ఒత్తుగా వున్నవాటిని పలచన చేయండి. పొద్దుతిరుగుడు, జినియా, కాస్మాస్ నేరుగా మడిలోనే వేయవచ్చు. బంతినారు నాలుగు వారాలకు, నాలుగైదు ఆకులు వచ్చాక, ఒక సాయంత్రం పూట నాటుకోండి. పెద్ద బంతికి జానెడున్నర పైన, జినియాకు జానెడు, నాచుపూలకు అర జానెడు ఎడం వుండాలి. ఇరుకుగా నాటితే గాలి ఆడక ఆకులకు బూడిద తెగులు పడుతుంది. జనవరి మూడోవారంలో వేసిన జినియా మార్చి మూడోవారం నాటికి పూస్తుంది. బంతి ఆ తరువాత కొద్ది రోజులకు అందుకుంటుంది.

నీళ్లు, దోమలు, మందులు

డెంగీ తెచ్చే దోమ మురికి కాలువలో కంటె మన ఇంటి మంచినీళ్లలోనే ఎక్కువగా పుడుతుంది. పూలకుండీ కింది పళ్లెం దానికి పుట్టిల్లు. గుడ్డు నుంచి దోమ కావడానికి మన వాతావరణంలో వారం, పది రోజులు చాలు. పళ్లెంలో నీళ్లు పారబోస్తే సరిపోదు. అంచులకు అంటుకున్న గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. వారానికి ఒకరోజు అనుకుని అన్ని పళ్లేలనూ పీచుతో రుద్ది కడిగి బోర్లించండి. పళ్లెంలో నిండుగా ఇసుక పోసి వుంచడం మరో మార్గం. వాడని కుండీలు, డబ్బాలు, కొబ్బరి చిప్పలు బోర్లా పెట్టండి. ఈ దోమ పగటిపూట కుడుతుంది. ఉదయం, సాయంత్రం తోటలో పనిచేసేవారు కాళ్లు, చేతులు కప్పుకోవాలి.

పురుగు కనబడగానే పొలం మందు తెచ్చి కొట్టే అలవాటు మానాలి. ఇంకా పెద్ద తప్పు ఆ మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి వంటింట్లో పెట్టడం, లేదా ఆ డబ్బాను కడిగి వాడుకోవడం. 2013 జులైలో బీహారులోని సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసినట్లు పరీక్షల్లో తేలింది. పదిమొక్కల తోటకు ఆ విషం అవసరం లేదు. పేనుబంక పట్టిన చిగుళ్లను నీళ్లధారతో కడగండి. లీటరు నీళ్లలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లండి. గుర్తుంచుకోండి, వేపనూనె కూడా పసిపిల్లలు తాగితే ప్రమాదమే. దాన్నీ పై అరలోనే పెట్టాలి.

ఎండలు ముదిరాక తోటపని ఉదయం ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం అయిదు తరువాత పెట్టుకోండి. మొక్కకు నీళ్లు పోసేముందు మీరు ఒక గ్లాసు తాగండి.

పాఠకుల సందేహాలు

*'మా ఇంట్లో బిళ్లగన్నేరు విరివిగా పూస్తుంది. రోజూ అయిదాకులు నమిలితే చక్కెర తగ్గుతుందని పక్కింటివారు చెబుతున్నారు. నమలవచ్చునా?'*

నమలకూడదు. ఈ మొక్క చక్కెర వ్యాధికి మంచిదన్న మాట చాలా దేశాల్లో వుంది. కెనడాలో రాబర్ట్ నోబుల్, ఛార్లెస్ బీర్ అనే శాస్త్రజ్ఞులు 1950ల్లో ఆ మాట ఆధారంగానే పరీక్షలు చేశారు. చక్కెర తగ్గలేదు గాని, ఎలుకల రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. ఆ దారిలోనే విన్‌బ్లాస్టిన్ అనే కాన్సరు మందు బయటపడింది. పిల్లల రక్తకాన్సరుకు ఇచ్చే విన్‌క్రిస్టిన్ కూడా ఈ మొక్క నుంచి వచ్చినదే. అంత శక్తి గల మందులను డాక్టర్లు మిల్లీగ్రాముల్లో కొలిచి, రక్తపరీక్షలు చేస్తూ ఇస్తారు. అయిదాకుల్లో ఏది ఎంత వుందో ఎవరూ చెప్పలేరు. పూలు చూసి ఆనందించండి. చక్కెరకు డాక్టరు రాసిన మందు వేసుకోండి.

*'నాకు అయిదో నెల. తోటపని చేయవచ్చునా?'*

డాక్టరు విశ్రాంతి తీసుకోమని చెప్పి వుండకపోతే తేలికపాటి పని చేయవచ్చు. కుండీలు ఎత్తవద్దు. మందులు చల్లే చోట వుండవద్దు. పిల్లులు తిరిగే మట్టిలో టాక్సోప్లాస్మా అనే క్రిమి వుండవచ్చు. అది గర్భిణికి సోకితే కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. అందుచేత చేతితొడుగులు వేసుకుని పని చేసి, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.

*'రాత్రి పడకగదిలో పూలకుండీ వుంటే ఊపిరాడదంటారు. నిజమేనా?'*

కాదు. రాత్రిపూట మొక్క వదిలే బొగ్గుపులుసు గాలి, అదే గదిలో నిద్రపోయే మనిషి వదిలేదానితో పోలిస్తే చాలా తక్కువ. ఘాటైన వాసన పడనివారు మాత్రం అలాంటి పూలు గదిలో పెట్టుకోకూడదు. కుండీ పళ్లెంలో నీళ్లు నిలిస్తే దోమలు చేరతాయి. పడకగదిలో భయపడవలసింది దానికే.

ఈ ఆదివారం విత్తనాల దుకాణానికి బయలుదేరేముందు పైన చెప్పిన కాగితం ఒకటి రాసుకోండి. అత్తగారి ఆయాసం, మనవడి వయసు, మామగారి మోకాళ్లు అన్నీ అందులో వుండాలి. ఆ కాగితం చేతిలో పట్టుకుని ప్యాకెట్లు ఎంచుకోండి.